పదకొండు కావాల్సింది పద్దెనిమిది

ఫిలింనగర్‌లో షూటింగులకు లైట్లు అద్దెకిచ్చే ఒక యూనిట్ గోడౌన్‌లో, ఓ శుక్రవారం పొద్దున, కమలాకర్ తన చేతిలోని మీటరును అరచేత్తో నాలుగు దెబ్బలు వేశాడు. తీగ చుట్టూ తగిలిస్తే అందులో ఎంత కరెంటు పోతోందో చెప్పే క్లాంప్ మీటరు అది. వెలిగించి చూస్తున్న ఓ పాత లైటు తీగకి తగిలిస్తే, పదకొండు ఆంపియర్లు చూపించాల్సింది పద్దెనిమిది చూపిస్తోంది. సినిమా లైట్ల పనివాళ్లు మీటరుకి ఇచ్చే మర్యాద ఇంతే. అది తమ లెక్కతో ఏకీభవిస్తే మంచి మీటరు, లేకపోతే దెబ్బలు తినాల్సిన మీటరు. దెబ్బలు తిన్నాక కూడా అది పద్దెనిమిదే అంది.

పక్క యూనిట్‌కి వెళ్లి ఇంకో మీటరు అడిగి తెచ్చాడు. అదీ పద్దెనిమిదే. రెండు మీటర్లూ ఒకేసారి, ఒకే అంకె దగ్గర పాడవుతాయా? కమలాకర్ స్టూలు లాక్కుని వెలుగుతున్న ఆ లైటు ముందు కూర్చున్నాడు.

కమలాకర్‌కి నలభై ఆరేళ్లు. షేక్‌పేటలో పుట్టాడు. పదో తరగతి లెక్కల్లో తప్పి లైట్లు మోసే పనిలో చేరాడు. తమాషా ఏమిటంటే, ఆ యూనిట్‌లో లెక్కల మాస్టారు ఆయనే అయ్యాడు. లైటు మీద రాసున్న వాట్లను రెండు వందల ముప్ఫై వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని ఎవరి దగ్గరో విని పట్టేశాడు. ఇక కాగితం, పెన్ను అక్కర్లేదు. "కమలన్నా, ఈ లైన్ మీద ఎన్ని లైట్లు పెట్టొచ్చు?" అని అరిస్తే, బీడీ ఆర్పేలోగా జవాబు చెప్పేవాడు. ఇరవై రెండేళ్లలో ఆ జవాబు తప్పలేదు. అందుకే లొకేషన్‌లో కరెంటు బోర్డు బాధ్యత ఆయనకిచ్చారు. ఆయన చెప్పిందే ఫైనలు.

అలా ఫైనలైన మాటల్లో ఒకటి మూడు నెలల క్రితంది. జూబ్లీహిల్స్‌లో ఓ అద్దె బంగళాలో షూటింగు. కొత్తరకం లైట్లన్నీ వేరే సినిమాకి వెళ్లిపోవడంతో, గోడౌన్ మూలనున్న పాత లైట్లు మూడు దించారు. ఒక్కోటి రెండున్నర కిలోవాట్లు. ఒక్కోదానికి ఇద్దరు మోయాల్సినంత బరువైన చోకు పెట్టె. కమలాకర్ లెక్క కట్టాడు. ఒక్కోటి పదకొండు, మూడూ కలిపి ముప్ఫై మూడు ఆంపియర్లు. బోర్డులోని బ్రేకరు నలభైది. "ఏడు మిగులుతయి, నడిపియ్యిండ్రి" అన్నాడు.

ఇరవై నిమిషాలు బాగానే నడిచింది. సరిగ్గా ఓ పెద్ద నటుడు కళ్లనీళ్లు పెట్టుకుంటున్న షాట్‌లో బ్రేకరు పడిపోయి ఇల్లంతా చీకటైంది. ఆ సమయానికి బోర్డు దగ్గర ఉన్నది అదే యూనిట్‌లో లైట్ల పని చేసే రాములు. ఆ పక్కనే టీవాళ్ల నీళ్లు కాచే హీటరు ఉంది. యూనిట్ మేనేజరు వరప్రసాద్ వచ్చి ఎందుకిలా అయిందని అడిగితే, కమలాకర్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"లైట్లు ముప్ఫై మూడే సార్. వేరేదేదో పెడితే తప్ప పడదు. రాములన్న టీకోసం హీటర్ పెట్టినట్టుండు."

రాములు కమలాకర్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద. "నేను పెట్టలే సార్. నా బిడ్డల మీద ఒట్టు" అన్నాడు. ఒట్టుకీ లెక్కకీ పోటీ వస్తే లెక్కే గెలిచింది. ఆ రోజే ఆయన్ని పంపేశారు. మర్నాడు పొద్దున కృష్ణానగర్ అడ్డా మీద, పనికోసం అందరూ చేరే టీ హోటల్ దగ్గర, ఆ మాట పాకిపోయింది. బోర్డు మీద దొంగచాటుగా చెయ్యి పెట్టే మనిషిని ఏ యూనిట్ పిలుస్తుంది? రాములు టోలిచౌకిలో ఫంక్షన్ హాళ్లకు సీరియల్ బల్బులు కట్టుకుంటూ బతుకుతున్నాడని తెలిసింది.

ఇప్పుడు కమలాకర్ ముందు వెలుగుతున్నది ఆ మూడు పాత లైట్లలో ఒకటి. ఒక్కోటి పద్దెనిమిదైతే మూడూ కలిపి యాభై నాలుగు. నలభై బ్రేకరు ఇరవై నిమిషాలు ఓర్చుకోవడమే గొప్ప. మీటరు చెప్పేది నిజమైతే రాములు ఏ హీటరూ పెట్టలేదు.

కానీ లెక్క ఎక్కడ తప్పు? అది తెలియకుండా కమలాకర్‌కి నమ్మబుద్ధి కాలేదు. ఇరవై రెండేళ్లు అన్నం పెట్టిన లెక్కను ఒక మీటరు మాట మీద వదులుకోలేడు మరి.

షేక్‌పేటలోనే ఓ అపార్ట్‌మెంట్‌లో శ్యామలాదేవి గారుంటారు. కాకినాడ వైపు మనిషి. పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్లు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆవిడ ఇంటికి వైరింగు చేసింది కమలాకరే. ఆదివారం పొద్దున్నే వెళ్లి సంగతంతా చెప్పాడు, రాములు సంగతితో సహా.

"మేడం, రెండున్నర వేలను రెండు వందల ముప్ఫైతోని భాగిస్తే పదకొండే గద. పద్దెనిమిది ఎట్లొస్తది?"

"మీ లెక్క పాత గుండ్రటి బల్బులకి నూటికి నూరుపాళ్లు రైటండీ. చోకు ఉన్నచోట పనిచెయ్యదు. ఎందుకో నేను చెప్తే మీరు తలూపి వెళ్లిపోతారు. మీరే చూడండి."

ఆవిడ అటక మీంచి ఓ పాత ట్యూబులైటు చోకు, వంద వాట్ల బల్బు తీయించారు. రెంటినీ ఒకదాని వెంట ఒకటి కలిపి ప్లగ్గులో పెట్టించారు. బల్బు నీరసంగా వెలిగింది. ప్లగ్గు దగ్గర వోల్టులు కొలిస్తే రెండు వందల ముప్ఫై. బల్బు మీద నూట నలభై. "మిగతా తొంభై చోకు మీదుంటయి" అని కమలాకర్ ముందే చెప్పేసి, కొలిచాడు. నూట ఎనభై!

"నూట నలభై, నూట ఎనభై కలిపితే మూడొందల ఇరవై. ప్లగ్గుల ఉన్నదే రెండొందల ముప్ఫై. గట్లెట్లైతది మేడం?" అంటూ మీటరు కొట్టడానికి చెయ్యెత్తాడు.

"ఆగండి. దాన్ని కొట్టకండి, పాపం నిజమే చెప్తోంది. కరెంటు సెకనుకి యాభైసార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా. బల్బు వోల్టులూ చోకు వోల్టులూ ఒకేసారి పైకి చేరవు. ఒక పూర్తి ఊపుని ఒక చుట్టు అనుకుంటే, చోకుది పావు చుట్టు ముందుంటుంది. ఒకటి పూర్తిగా ఎక్కినప్పుడు ఇంకోటి సున్నా దగ్గర ఉంటుంది. వేరే వేరే వేళల్లో వచ్చే వాటిని మామూలుగా కూడేస్తే ఎలా?"

"ముందెందుకుంటది?"

శ్యామలాదేవి గారు నవ్వారు. "చోకు బరువైనది. కరెంటు మొదలవ్వాలన్నా ఒప్పుకోదు, ఆగాలన్నా ఒప్పుకోదు. మీ షూటింగులో అలాంటి వస్తువేమీ లేదా?"

సోమవారం భోజనాల వేళ, స్టూడియో ఫ్లోర్‌లో అందరూ ప్లేట్ల దగ్గరుంటే, కమలాకర్ ఒక్కడే కెమెరా ట్రాలీని పట్టాల మీద అటూ ఇటూ తోస్తూ కనిపించాడు. కెమెరా లేదు, షాట్ లేదు. ట్రాలీ తోసేవాళ్లు అన్నం కలుపుకుంటూ నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. ట్రాలీ చివరికొచ్చి నిలబడిపోయే క్షణంలోనే చేతులు ఎక్కువ బలం పెడుతున్నాయి. మధ్యలో అది జోరుగా పరిగెత్తేటప్పుడు తోయాల్సిన పనే లేదు. బలం పెట్టిన పావు చుట్టు తర్వాతగానీ జోరు రావడం లేదు. పైగా ఆపేటప్పుడు అదే తనని ఎదురు లాగుతోంది. తోసేటప్పుడు తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తోంది. "వోల్టులు నా చేతులు, కరెంటు ట్రాలీ" అని పైకే అనేశాడు. ఎండదెబ్బ అనుకుని ఎవరో మజ్జిగ పంపించారు. తాగి మళ్లీ తోశాడు. ఇన్నేళ్ల పనిలో అంత సరదా ఎప్పుడూ కలగలేదు.

పావు చుట్టు సంగతి తెలిసింది. మరి నూట నలభై, నూట ఎనభై కలిసి రెండు వందల ముప్ఫై ఎలా అవుతాయి? దానికి జవాబు అదే ఫ్లోర్‌లో, సెట్టు వేసే చంటి మేస్త్రి దగ్గర దొరికింది. చంటి కొత్త గోడల మూల సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాడు. ఒక గోడ వెంట మూడడుగులు, ఇంకో గోడ వెంట నాలుగడుగులు గుర్తు పెట్టి, రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా టేపు లాగాడు. ఐదడుగులు. "మూల మట్టంగా ఉందిరా" అని మేకు కొట్టమన్నాడు. ఇదంతా కమలాకర్ వెయ్యిసార్లు చూసినదే. ఇవాళ మాత్రం మూడూ నాలుగూ కలిసి ఏడు కాకుండా ఐదవడం కళ్లబడింది. పావు చుట్టు తిరిగితే వచ్చేదీ ఇదే మూల కదా!

"చంటీ, జర టేపియ్యి."

ఒక గోడ వెంట నూట నలభై సెంటీమీటర్లు. ఇంకో గోడ వెంట నూట ఎనభై. ఏటవాలుగా లాగాడు. "రెండొందల ఇరవై ఎనిమిది! రెండొందల ముప్ఫైకి రెండే తక్కువ" అని అరిచాడు.

"రెండు తగ్గిందేంటండీ, ఏం కొలుస్తున్నారు?" అన్నాడు చంటి.

"రెండు తగ్గితే తగ్గనియ్యి" అన్నాడు కమలాకర్. ఆ కాస్త తేడా చోకు లోపలి తీగ వల్ల వస్తుందని తర్వాత మేడం ఫోన్‌లో చెప్పారు.

తక్కినదంతా వరసగా వచ్చేసింది. చోకున్న ఆ పాత లైట్లలోనూ ఇదే తీరు, రెండు వందల ముప్ఫైలో దీపానికి అందేది నూట నలభై దగ్గర్లోనే. రెండున్నర వేలను భాగించాల్సింది దాంతో. ఎంత? పద్దెనిమిది. నోటితోనే చేశాడు, ఎప్పట్లాగే. ఆ సంతోషం రెండు నిమిషాలుంది. తర్వాత కొత్త గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఒక మనిషి బిడ్డల మీద ఒట్టు వేసి నిజం చెప్పాడు. తాను తప్పు లెక్కతో ఆ మనిషి పని తీయించాడు.

మర్నాడు పొద్దున టోలిచౌకి వెళ్లాడు. రాములు ఫంక్షన్ హాలు గేటు మీద బల్బులు కడుతున్నాడు. నిచ్చెన కింద నిలబడి కమలాకర్ చోకు, ట్రాలీ, టేపు అన్నీ గడగడా చెప్పేశాడు. "రాములన్నా, నువ్వు హీటర్ పెట్టలే. నా లెక్కే తప్పు. నన్ను మాఫ్ చెయ్యి."

రాములు దిగలేదు. చేతిలోని తీగ చుట్టడం పూర్తిచేసి అన్నాడు.

"నేను పెట్టలేదని నాకు మొదట్నించి ఎర్కే. నాకు జెప్తే ఏమొస్తది? ఎవళ్లకు జెప్పినవో గాళ్లకు జెప్పు."

వాళ్లకి చెప్తే బోర్డు పోతుంది. అది కమలాకర్‌కి తెలుసు. లెక్కలాయన అన్న పేరూ పోతుంది. పదో తరగతి తప్పిన మనిషికి ఆ పేరు ఎంత తియ్యగా ఉంటుందో ఆయనకే తెలియాలి. బుధవారం పొద్దున ఆరింటికి కృష్ణానగర్ అడ్డా మీద, వరప్రసాద్ కారు దిగి మనుషుల్ని ఎంచుకుంటుండగా, అందరికీ వినబడేలా చెప్పాడు. గోడ మూలలో టేపుతో కొలిచిన త్రిభుజం ఎవరికీ అర్థం కాలేదు. ఇద్దరు నవ్వారు. కానీ "రాములన్న హీటర్ పెట్టలే, తప్పు నాది" అన్న మాట అందరికీ అర్థమైంది.

"అంటే ఆ రోజు మీటరు పెట్టి చూడలేదా నువ్వు?" అన్నాడు వరప్రసాద్.

"చూడలే సార్. లెక్క తెల్సు గదా అనుకున్న."

"అయితే రేపట్నుంచి బోర్డు నీ దగ్గరొద్దులే. రాముల్ని రమ్మను."

సరే అన్నాడు కమలాకర్. తిరిగి చూస్తే, జనం వెనక బండి మీద కూర్చుని రాములున్నాడు. ఎప్పుడొచ్చాడో, అంతా విన్నాడు. బండి స్టార్ట్ చేసి, "ఎక్కు. ఇంట్ల గూడ చెప్పాలె" అన్నాడు.

యూసుఫ్‌గూడలో రెండో అంతస్తులో ఆయన ఇల్లు. రాములు భార్య శకుంతలమ్మ బియ్యం ఏరుతోంది. కమలాకర్ ఆమె ముందు నేల మీద కూర్చుని, ట్రాలీలూ టేపులూ ఏమీ లేకుండా చెప్పాడు.

"అంటే ఈన పెట్టలేదా?"

"పెట్టలే అక్కా. నేనే తప్పు లెక్క జెప్పిన."

శకుంతలమ్మ చేట పక్కన పెట్టింది. భర్త వైపు చూడలేక నేల చూస్తూ అంది.

"బిడ్డల మీద ఒట్టేసిండు. నేను ఊకున్న గానీ నమ్మలే. మూడు నెలల సంది మంచిగ మాట్లాడలే నేను ఈనతోని."

ఆమె ఏడ్చింది. రాములు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఆయనకి పోయింది పని ఒక్కటేనని కమలాకర్ ఇన్నాళ్లూ అనుకున్నాడు. ఈ ఇంట్లో ఇంకేం పోయిందో ఇప్పుడు చూశాడు. సిగ్గుతో లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"కూసో కమలాకర్" అన్నాడు రాములు, కళ్లు తుడుచుకుంటూ. "సాయంత్రం పెద్ద బిడ్డ వస్తది. ఆమెకు గూడ నువ్వే చెప్పాలె."