గీతల మాస్టారు

విశ్వవిద్యాలయంలో సంగీతం చెప్పే ఆయన్ని పిల్లలు చాటుగా గీతల మాస్టారు అంటారు. ఒకప్పుడు వయొలిన్ వాయించేవాడు. ఆ పెట్టె ఇప్పుడు ఇంట్లో బీరువా మీద దుమ్ము పట్టి ఉంది. రోజూ కంప్యూటర్ల గదిలో వరసల మధ్య తిరుగుతూ, పిల్లలు రికార్డు చేసింది హెడ్‌ఫోన్లలో వింటాడు. తెర మీది తాళం గీతలకు అటూ ఇటూ పడ్డ స్వరాలన్నిటినీ ఒక్క మీట నొక్కి గీతల మీదికి లాగేస్తాడు. "తాళం తప్పిందమ్మా" అనడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

ఆ రోజు మూడో వరసలో ఒకమ్మాయి పాట విన్నాడు. చివరి స్వరం ప్రతిసారీ కాస్త ఆలస్యంగా, బతిమాలించుకుని వస్తోంది. మీట నొక్కాడు. "తాళం తప్పిందమ్మా. సరిచేశాను."

ఆ అమ్మాయి నసిగింది. "అది నాది కాదు సార్. నిన్న మీరు కీబోర్డు మీద వాయించి చూపించారు కదా, అదే రికార్డయింది. బావుందని ఉంచుకున్నాను. మళ్లీ పాతదానిలా మార్చెయ్యనా?"

చెవుల్లో సరిచేసిన స్వరాలు గడియారంలా నడుస్తున్నాయి. లోపల ఎక్కడైనా చురుక్కుమంటుందేమోనని ఆయన కాసేపు ఆగి చూశాడు. ఏమీ అనిపించలేదు.

"ఇలాగే ఉండనీలేమ్మా," అని పక్క కంప్యూటర్ దగ్గరికి జరిగాడు. అక్కడ హెడ్‌ఫోన్లు చెవికి తగలకముందే ఆయన వేలు మీట నొక్కేసింది.