అప్ప గూట్లో కొరియా పెట్టె

కొరియా ఓడ కెప్టెన్ ఒకాయన తన తాతల నాటి పొగాకు పెట్టెను స్వయంగా నా చేతిలో పెట్టి, సెల్యూట్ కొట్టి మరీ వెళ్లాడు. మద్దిలపాలెం టీ కొట్టు దగ్గర నేనీ మాట చెప్పని రోజు లేదు. కొత్తగా విన్నవాళ్లు నాకు రెండో టీ కూడా ఇప్పిస్తారు.

పెట్టె అరచేతిలో ఇమిడేంతే. నల్లటి ఇనుము మీద వెండి తీగ పొదిగి రెండు కొంగలు, మన సరుగుడులాంటి చెట్టొకటి, మూలన తాబేలు. మూత తీస్తే పాత పొగాకు ఘాటు ఇప్పటికీ ముక్కుకి తగుల్తుంది.

సరే, నిజం చెప్పేస్తాను. అతను కెప్టెన్ కాదు, ఓడలో వంటవాడు. సెల్యూట్ నేను కలిపిందే. పెట్టె కూడా నాది కాదు, మా అప్పది. అప్పంటే మా పెద్దక్క.

అప్పుడు నేను పోర్టులో కలాసీని. మంచి చేపలు కావాలంటే ఆ వంటవాణ్ణి అప్ప గంప దగ్గరికి తీసుకెళ్లాను. అప్ప అడ్డపొగ తాగుతూ వంజరం బేరమాడుతోంది. అడ్డపొగంటే చుట్టని తిప్పి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం. సముద్రపు గాలికి ఆరదని మా పేట ఆడవాళ్లంతా అలాగే తాగేవారు. పొగొస్తోంది, నిప్పు కనబడదు. అతను వంగి వంగి చూశాడు. అప్ప నోరు తెరిచి చూపించింది. అంతే, నడుం దాకా వంగి దండం పెట్టాడు. ఎండలో అంత దూరం నడిపించుకొచ్చిన నా వైపు చూస్తే ఒట్టు.

నాకు కడుపు మండిపోయింది. పక్క గంపామె చుట్ట లాక్కుని నేనూ తిప్పి పెట్టాను. నాలిక చుర్రుమంది. వారం రోజులు చల్లటి గంజే గతి.

ఓడ కదిలే రోజున అతను పెట్టె ఇచ్చాడు. ఆ సాయంత్రమే అప్పకి అందించాను. ఆనాటి నుంచీ అప్ప ఇంటికెళ్తే ముందు గూట్లో పెట్టెను చూసి, తర్వాతే అప్పను పలకరిస్తాను.

ఈమధ్య డాక్టరు అప్ప చేత చుట్ట మాన్పించాడు. ఇంక పెట్టె నాదేనని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. మూత తీద్దును కదా, లోపల బీపీ మాత్రలు!

"అప్పా, మాత్రలకి మంచి ప్లాస్టిక్ డబ్బా నాను తెత్తాను. ఇది నాకిచ్చేయ్."

"ఏటి సేసుకుంటావ్? నాలిక కాల్సుకున్న కాడ్నించి సుట్ట పేరెత్తితేనే పారిపోతావ్ కదరా."

"అతగాణ్ణి తెచ్చింది నాను. పెట్టె ఇచ్చింది నా చేతికి. న్యాయంగా చూస్తే నాదే."

అప్ప తాపీగా మాత్ర మింగి, మూత టక్కున మూసింది.

"నీ సేతికిచ్చిన మాట నిజమేరా. మీ అప్పకిమ్మని ఇచ్చాడు. ఆ సాయంత్రం తెచ్చిచ్చావా నువ్వు? నెల్లాళ్లు ట్రంకు పెట్టెలో బట్టల కింద దాసినావు. అమ్మ నీ సొక్కాలు ఉతకడానికి తీత్తంటే బయటపడింది. అదీ సెప్పు, ఆ టీ కొట్టు కాడ."