పడని మంచుకు రాసిన చీటీ

ఆ వారం వఖ్ష్ మైదానంలో ఎవరి నోట విన్నా ఒకటే మాట. పడమటి నుంచి మంచు తుఫాను వస్తోంది, మోకాలి లోతు పడుతుందట. నిమ్మచెట్లున్న వాళ్లంతా మిగతా పనులు మానేసి కందకాల మీద పడ్డారు. అక్కడి చలికి నిమ్మ నేల మీద బతకదు. మనిషి లోతు కందకం తవ్వి అందులో వరసగా నాటుతారు. చలికాలం రాగానే పైన వాసాలేసి ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. పట్టా చలిని ఆపగలదు గానీ బరువు మోయలేదు. ఇన్నేళ్లూ ఆ అవసరమూ రాలేదు. ఎప్పుడైనా కాస్త మంచు రాలినా మధ్యాహ్నానికి బురదై పోయేది.

అంజిరత్‌కి ముప్ఫై రెండు చెట్లు. భర్త పోయాక పదకొండేళ్లుగా తనే చూసుకుంటోంది. ఆవిడ కూడా వాసాల కింద గుంజలు పాతించింది. కందకంలోని పొయ్యి పక్కన పత్తికట్టె పేర్చుకుంది. గుంజలకు సాయం వచ్చిన పక్కింటి దోనియోర్, "మంచు మీ కొండవాళ్లకి చుట్టమేగా అత్తా. మా వీధి వైపు రావద్దని నువ్వొక మాట చెప్పకూడదూ" అన్నాడు. ఆవిడ నవ్వి ఇంకో గుంజ అందించింది. వీధంతా వద్దంటున్న మంచు తనకు కావాలని ఏ మొహంతో చెబుతుంది?

ఆవిడకు ఏడేళ్లప్పుడు ప్రభుత్వం వాళ్లు రష్త్ కొండల్లో ఊళ్లకు ఊళ్లు లారీల్లోకి ఎక్కించి, పత్తి పండించమని ఇక్కడ దింపారు. అప్పటికి పదిహేడేళ్ల అక్క సవ్రి పెళ్లై వేరే ఊళ్లో ఉంది. ఆ ఊరి పేరు తరలించే జాబితాలో లేదు. మొదటి వేసవికే తల్లి ఈ ఎండలకీ కాలవ నీళ్లకీ జ్వరపడి ఇరవై రోజుల్లో పోయింది. ఆ కబురు కొండ మీదికి చేరేసరికి అక్రోట్లు రాలే కాలం వచ్చింది. అమ్మను మింగిన మట్టి మీద కాలు పెట్టనని సవ్రి ఒట్టు పెట్టుకుంది. యాభై ఏడేళ్లుగా ఆ మాట మీదే ఉంది. అంజిరత్ మాత్రం నాలుగుసార్లు వెళ్లొచ్చింది, ఒకసారి పెళ్లికి, మూడుసార్లు చావులకి. తల్లి సమాధి ఎలా ఉంటుందో సవ్రికి ఇప్పటికీ తెలియదు.

ఇద్దరి మధ్యా మిగిలిందల్లా మంచు చీటీ. తమ ఊళ్లో తొలిమంచు పడిన రోజున "మంచు మాది, విందు మీది" అని రాసి, కావలసింది కోరి పంపుతారు. తెచ్చినవాడు దాన్ని గుమ్మంలో పడేసి, చేతికి చిక్కకుండా పారిపోవాలి. చిక్కితే మొహానికి మసి పూస్తారు. పారిపోయాడా, అడిగింది ఇచ్చి తీరాలి. సవ్రి ఏటేటా ఎవరో ఒక డ్రైవరు చేత చీటీ పంపేది. ఏటేటా ఒకటే కోరిక, ఒక పెట్టె నిమ్మకాయలు. అంజిరత్ వంతు మాత్రం ఎన్నడూ రాలేదు. నేల మీద అడుగు అచ్చు పడేంత మంచుంటేనే చీటీ చెల్లుతుంది.

"నేను చీటీ పంపి రమ్మంటే వస్తావా?" అని ఒకసారి ఫోన్లో అడిగింది.

"చీటీ వస్తే రాక చస్తానా. ముందు మీ ఎడారిలో మంచు పడనీ" అంది సవ్రి.

తుఫాను వస్తుందన్న రోజు పొద్దున రష్త్‌కి కారు నడిపే ఖోలిక్ వీధిలో ఆగాడు. ఇదే ఆఖరి బండి, దీని తర్వాత దారి ఎన్నాళ్లు మూసుకుంటుందో తెలియదన్నాడు. ఆకాశం సీసం రంగులో బరువుగా ఉంది. గాలి లేదు. మంచూ లేదు. చీటీ తెల్లవారకముందే రాసి జేబులో పెట్టుకుందావిడ. మంచు మాది, విందు మీది. నువ్వు రావాలి.

ఆవిడ చెయ్యి జేబులోనే ఉండిపోవడం చూసి ఖోలిక్‌కి అర్థమైంది. తను అక్కడికి చేరేలోపు ఇక్కడ ఎలాగూ పడుతుందని, గంట అటూ ఇటూ అయితే ఎవరొచ్చి చూస్తారని నచ్చజెప్పాడు. మంచు పడకముందే చీటీ పంపిన మనిషిని అంజిరత్ ఎరగదు. అయినా ఇచ్చింది.

"పడేసి పరిగెత్తు. ఆ పొట్టేసుకుని చిక్కేవు" అంది.

మధ్యాహ్నమంతా కందకంలో పొయ్యి ఎగదోస్తూ పట్టాకేసి చూస్తూనే ఉంది. నాలుగింటికి వాన మొదలైంది. అందులో తెల్లగా ఏవో తునకలు కలిసి పడుతున్నాయి గానీ నేల తాకగానే కరిగిపోతున్నాయి. వాకిట్లో అడుగేసి చూసింది. ఒట్టి బురద. అప్పుడే ఫోను మోగింది.

"నీ డ్రైవరు చిక్కలేదే. చీటీ విసిరేసి కారెక్కేశాడు, దొంగ" అంది సవ్రి. గొంతులో కోపం లేదు. "ఇక చేసేదేముంది, ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఎంత పడిందేమిటి?"

మోకాలి లోతని చెబితే సరిపోతుంది. చూసి చెప్పేవాళ్లెవరూ లేరు. అంజిరత్ తన అడుగు పడిన బురదకేసి చూసింది.

"చెప్పవే. అమ్మ మీద కూడా పడిందా?"

అంజిరత్ వాకిట్లో పందిరి గుంజను పట్టుకుని నిలబడింది. "లేదక్కా. ఇంకా పడలేదు. వాన కురుస్తోంది. నేను ముందే రాసేశాను."

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"చిన్నప్పుడూ ఇంతే, తొండి ఆడేదానివి" అంది సవ్రి. "దొంగ చీటీకి శిక్షేమిటో గుర్తుందా?"

"మొహానికి మసి."

"మసి తర్వాత. విందు పెట్టాల్సింది పంపినవాళ్లే. వాళ్లింట్లోనే పెట్టాలి. నీ ఇంట్లో విందు నా కోడలొచ్చి తింటుందా? నేనే రావాలి."

అంజిరత్ ఎప్పుడని మాత్రం అడిగింది.

"దారి తెరిచిన రోజు. ఇక్కడ పొద్దుటి నుంచీ ధారగా పడుతోంది, పక్కింటి గోడ కనబడడం లేదు. అమ్మ దగ్గరికి నన్ను నువ్వే తీసుకెళ్లు. వేరేవాళ్లు వద్దు."

ఫోను పెట్టేసి కందకంలోకి దిగి పొయ్యిలో రెండు కట్టెలు వేసింది. పట్టా మీద వాన చప్పుడు ఆగిపోయిందని కాసేపటికి గాని గమనించలేదు. పైకొచ్చి చూస్తే మంచు దట్టంగా పడుతోంది. అరగంటలో వాకిలి కప్పేసింది. అడుగేస్తే చెప్పు అచ్చు, మడమతో సహా దిగింది.

అక్కకు చెప్పాలని ఫోను చేతిలోకి తీసుకుంది. చెబితే చీటీ నిజమవుతుంది, అక్క చీటీకి కట్టుబడి రావలసి వస్తుంది; ఇప్పుడైతే తనంతట తనే వస్తానంది. అయినా రష్త్ దారి మీద ఈపాటికి నడుము లోతు ఉంటుంది. మార్చికి తెరుస్తారో, ఏప్రిల్‌కి తెరుస్తారో. ఫోను మళ్లీ జేబులో పెట్టుకుంది.

వీధిలో చీపుర్లు, పారలు పట్టుకుని అందరూ కందకాల గట్లెక్కారు. దోనియోర్ తన గట్టు మీంచి కేకేసి, పొడవు చీపురు ఉందా అని అడిగాడు. ఉందని చెప్పి, అంజిరత్ ఈ చివరి నుంచి మంచు తోయడం మొదలుపెట్టింది. తోసిన చోటల్లా కింద పొయ్యి వెలుగులో ఆకులు కనిపించి, అంతలోనే మళ్లీ కప్పబడిపోతున్నాయి. అక్క వచ్చే నాటికి ఒక్క చెట్టుకైనా కాయ ఉండాలి.