మంచులో పలికిన పేరు

మా చిన్నప్పుడు... మార్గళి నెల, అదే ధనుర్మాసం మంచు మా పక్క ఎట్లుండేదో ఇప్పటి హోసూరోళ్ళకు చెప్తే నమ్మరు. బాగా పొద్దెక్కినా ఎదురుగా ఉన్న మనిషి కనపడేవాడు కాదు. గొంతు మాత్రం వినపడేది...

మాది తమిళనాడులో హోసూరు పక్క, రాయకోట దగ్గర ఒక పల్లె. మా ఊరి ఆడోళ్ళు కొందరు కాంట్రాక్టు మేస్త్రి కింద రైలు పట్టాల పనికి పోయేవాళ్ళు. పట్టాల కింద కంకర సర్దేది, మొలిచిన గడ్డి పీకేది... మా అమ్మ కూడా పోయేది. బడికి సెలవులిస్తే ఇంట్లో ఒంటిగా వదల్లేక నన్నూ వెంట తీసుకొని పోయేది.

ఊరి బయట ఒకచోట పెద్ద బండను నిలువునా కోసి రైలుకు దారి చేసినారు. రెండు పక్కలా మిద్దెంత ఎత్తు బండ... మధ్యలో ఒకటే లైను. ఒక పక్క పట్టాలకూ బండకూ నడుమ పదిమంది కూర్చునేంత చోటుండేది. మా సంకటిగిన్నెలు, అనపగింజల పితికిపప్పు, గోనెపట్ట కప్పుకొని నేను... అందరం ఆ పక్కనే. రెండో పక్క మాత్రం ఒక మనిషి బండకు అతుక్కొని నిలబడేంత చోటే.

మేస్త్రి పేరు గోవిందప్ప. మలుపులో ఎర్రజెండా పట్టుకొని నిలబడినోడు బండి వస్తా ఉందని ఈల ఊదినాడంటే పారలు, గడ్డపారలు తీసుకొని అందరూ పట్టాలు దిగాల. దిగినాక ఎవరి పేరు వాళ్ళు గట్టిగా చెప్పాల. మంచులో ఎవరు దిగినారో, ఎవరు దిగలేదో కంటికి తెలీదు కదా...

"నీ పేరు నువ్వే చెప్పాల. పక్కనోళ్ళ పేరు చెప్పినారంటే రేపట్నుంచి పనికి రావద్దు" అనేవాడు.

ఒకనాడు పొద్దున ఈల వినపడింది. అందరూ దిగినారు.

"లక్ష్మమ్మ"... అది మా అమ్మ. "పాపమ్మ"... "చెన్నమ్మ"... "రత్నమ్మ"...

చెన్నమ్మ, రత్నమ్మ తోడికోడళ్ళు. యాడికి పోయినా జతగానే పోయేవాళ్ళు. రత్నమ్మది కొంచెం బొంగురు గొంతు. ఆ గొంతు నా చెవి పక్కనే పలికింది. తిరిగి చూసినాను... తడిసిన బండ తప్ప ఆడ ఏమీ లేదు. మంచుకు కనపడలేదేమో అనుకున్నాను.

అంతలోనే గూడ్సు బండి వచ్చేసింది. కాళ్ళ కింద నేల అదురుతా ఉంది. చెన్నమ్మ చెయ్యి చాపి పక్కన తడుముకుంటా, "అక్కా... యాడుండావక్కా" అనింది. మళ్ళీ పిలిచింది. మా అమ్మ ఒక్కొక్కరి భుజమూ తడుముకుంటా ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి వచ్చింది.

"రత్నమ్మ ఈడ లేదు గోవిందప్పా."

"పేరు పలికింది కదమ్మా... నేను విన్నాను" అన్నాడు మేస్త్రి.

అందరమూ విన్నాము...

పెట్టె వెనక పెట్టె... ఎంతకీ అయిపోని బండి. చెన్నమ్మ కూలబడిపోయింది. అప్పుడు వినపడింది... చక్రాల చప్పుడు నడుమ నుంచి, ముక్కలు ముక్కలుగా... "రత్నమ్మ..." మళ్ళీ చప్పుడు... "రత్నమ్మ..."

మా అమ్మ నా రెండు చెవులూ మూసేసింది. మూసినా వినపడతానే ఉంది.

"అక్క పోయింది... పోయి పిలుస్తా ఉంది" అని చెన్నమ్మ మెల్లగా గొణుక్కుంటా ఉంది.

ఆఖరి పెట్టె దాటిపోయింది. పట్టాల వైపు చూసేదానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. మేస్త్రి ఒక్కడే పోయినాడు.

రత్నమ్మ అవతలి పక్క ఉంది. రెండు చేతులూ చాపి, చెంప ఆనించి, బండను కరుచుకొని నిలబడి ఉంది. కండ్లు మూసుకొని ఇంకా పేరు చెప్తానే ఉంది. బండి పోయిందని కూడా ఆమెకు తెలీలేదు. మేస్త్రి భుజం తాకితే, "ఎవరప్పా" అనింది.

మంచులో దిక్కు తెలీక తప్పు పక్క దిగేసిందంట. ఈ పక్కకు దాటే లోపల బండి వచ్చేసింది. చెన్నమ్మ ఆమెను వాటేసుకొని ఏడ్చింది. కాసేపటికి రత్నమ్మే చెప్పింది...

"దిగినాక నా పేరు చెప్పినాను. వెంటనే మీ పక్క నుంచి ఎవరో నా గొంతుతోనే నా పేరు చెప్పినారు. మీ పక్కే ఉన్నాననుకొని ఇంక నన్ను ఎవరూ వెతకరని తెలిసిపోయింది. అందుకే ఆపకుండా చెప్పుకుంటా ఉండిపోయినాను."

"బండల నడుమ గొంతు అట్లే తిరిగి పలుకుతాది తల్లీ, ఇంకేం లేదు" అన్నాడు మేస్త్రి. అదే నిజమై ఉంటాది. కానీ ఆ మాట అనేటప్పుడు ఆయన ఆ బండ వైపు చూడలేదు...

ఆ పొద్దు నుంచి మంచు విడిచేదాకా పని మొదలుపెట్టనియ్యలేదు ఆయన. ఈల వినపడితే అందరూ ఒకే పక్కకు దిగాల. పేర్లు చెప్పేది మానేసి, బండి పోయేదాకా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాల.

రత్నమ్మ మళ్ళీ పట్టాల పనికి రాలేదు. రోజాపూల తోటలో కూలికి కుదురుకుంది. ఇప్పుడు ముసలామె అయిపోయింది. రేషన్ అంగట్లో పేరడిగితే ఈ పొద్దుకీ తన నోటితో చెప్పదు. పక్కనున్న చెన్నమ్మ వైపు చూస్తాది... చెన్నమ్మే చెప్తాది. మా ఊర్లో దానికి ఎవరూ నవ్వరు.

ఇప్పుడు ఆ లైన్లో కరెంటు బండ్లు. కంకర సర్దేదానికి పెద్ద మిషన్ వస్తాది, పనోళ్ళకు మెరిసే కోట్లు ఇస్తారు. మా ఊరి ఆడపిల్లలు కంపెనీ వ్యాన్లో హోసూరుకు పోతారు. అంతా మంచికే... కానీ బెంగళూరు బండిలో పోయేటప్పుడు ఆ బండల నడుమకు రాగానే పెట్టెలో ఎవరూ ఫోన్లో నుంచి తలెత్తరు. ఆడ ఆడోళ్ళు పని చేసినారని వాళ్ళకు ఎవరు చెప్తారు...

మీ ఇళ్ళల్లో పట్టాల పనికి పోయినోళ్ళు ఉన్నారా? వాళ్ళు చెప్పిన సంగతులు ఏవైనా ఉంటే కింద రాయండి... కూర్చొని చదువుతాను.