హెల్మెట్టుతో వచ్చిన ఉద్యోగం

మొన్న కోట బజారులో కూరగాయలు బేరమాడుతుండగా కొత్త ఫైరింజనొకటి కూత పెట్టుకుంటూ పోయింది. లోపల సీటు సీటుకీ మనిషి ఉండటం చూసి బేరం సంగతి మరిచిపోయి, మా కాలంలో వీళ్లలో సగం మంది కాగితం మీదే కూర్చునేవాళ్లండీ అని పక్కనున్నాయనతో అనేశాను. ఆయన నన్ను అదోలా చూసి, వంకాయలు తీసుకుని వెళ్లిపోయాడు.

నా వయసు వాళ్లయితే నమ్ముతారు. సముద్రం దాపున ఉన్న మా చిన్న స్టేషనులో ఒక ఆఫీసరు, ఆయన కింద లీడింగ్ ఫైర్‌మన్లు, ఆ కింద డ్రైవర్లు, అందరికిందా ఫైర్‌మన్లమైన మేము, గోడమీది బోర్డులో నిండుగా ఉండేవాళ్లం. గది మాత్రం ఖాళీ. ఆఫీసరుగారికి పక్క స్టేషను కూడా అప్పగించారు కనుక ఆయన అక్కడున్నారని మేమూ, ఇక్కడున్నారని వాళ్లూ నమ్మేవాళ్లం. ఒక్కోరోజు లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవరు, నేను, అంతే. ఒకాయన ఆర్డరు వేయాలి, ఒకాయన బండి వదలకూడదు, కాబట్టి నిప్పయినా నీళ్లయినా దూకవలసింది నేనే.

అలాంటి రోజునే చిట్టమూరు వైపు ఒక పల్లెలో పాడి బర్రె నేలబావిలో పడిందని కబురొచ్చింది. భర్త పోయిన ఒక అక్క దాని పాలమ్మి ఇద్దరు ఆడపిల్లల్ని సాకుతోంది, అది పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. మేము వెళ్లేసరికి బావి గట్టు మీద ఊళ్లోవాళ్లంతా ఆఫీసర్లే, తాడు ఇటు వేయమనేవాడొకడు, అటు వేయమనేవాడొకడు. నిచ్చెన దిగి, పాత హోసు గొట్టాన్ని పట్టీలా దాని పొట్ట కిందనుంచి తీయబోతే, అది నన్ను వాసన చూసి, నచ్చక, నిచ్చెనతో సహా గోడకు నొక్కేసింది. పైనుంచి అక్క పిలిస్తే మాత్రం చెవులు రిక్కించి కుదురుగా ఉండేది. అయితే నేనే దిగుతానని ఆమె కొంగు నడుముకు దోపింది. సిబ్బంది తప్ప ఎవరూ దిగకూడదని లీడింగ్ ఫైర్‌మన్ అడ్డుపడ్డాడు. రూలంటే ఆయనకు ప్రాణం. ఈదీ ఈదీ అలసిపోయిన బర్రె మోర నీళ్లలోకి వాలిపోసాగింది. ఆమె ఏడవలేదు, ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఆయన తన హెల్మెట్టు తీసి ఆమె తలకు పెట్టి, గడ్డం కింద బెల్టు బిగించాడు.

“ఇప్పుడు నువ్వు మా స్టాఫేనక్కా, దిగు.”

ఆమె బర్రెను ముద్దుగా తిడుతూనే పట్టీ కట్టేసి పైకెక్కింది. జనమంతా తాళ్లు పట్టి లాగితే బర్రె గట్టు మీదికి వచ్చింది. దానికి అడ్డమని తీసేసిన నిచ్చెనను, ఇంకా బావిలోనే ఉన్న నాకోసం మళ్లీ దించాలన్న సంగతి మాత్రం చాలాసేపు ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ ఉద్యోగాన్ని ఆమె మాలో చాలామందికన్నా గట్టిగా పట్టించుకుంది. ఆ వైపు ఎక్కడ గడ్డివాము అంటుకున్నా మాకంటే ముందే అక్కడ చేరి, జనాన్ని వెనక్కి నెట్టి, బండికి దారి చూపేది. నా రిటైర్మెంటు రోజున పాలకోవా చేసుకొచ్చి నన్ను పక్కకు పిలిచింది.

“నిన్ను పొమ్మని కాయితం ఇచ్చినారు గదా అబ్బయ్యా, నాకెవురూ ఇయ్యలేదే. నేనింకా డ్యూటీలోనే ఉండానా?”

ఉన్నావక్కా అన్నాను.

ఇప్పుడు పోస్టులు నింపారు, మంచి సామాను వచ్చింది, జనం దగ్గరికి రాకుండా రిబ్బను కట్టేస్తున్నారు. అదే సరైన పద్ధతి, కాదనను. ఆ అక్క పోయినేడు కాలం చేసింది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. వేయాలని ఎవరికీ తెలియదు కూడా.