మేస్త్రి వంతు

మొన్న మంగళవారం పొద్దుగాల టిఫిన్ డబ్బా సర్దుకుంటుంటే గోదాం నుంచి ఫోనొచ్చింది. "మేడం, మన మేస్త్రి పోయిండు." ఇంటి ముందట చాయ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్టే పక్కకు ఒరిగిండట. దవాఖానకు తీస్కపోయేసరికే అంతా అయిపోయింది. బీపీ బాగ పెరిగి తలల నరం పగిలిందని డాక్టరు చెప్పిండట. ఆ మాట ఇనంగనే నాకు ఏడుపు రాలే. ముందుగాల నా టేబుల్ సొరుగుల ఉన్న రిజిస్టర్ యాదికొచ్చింది.

మాది సిద్దిపేట అవతల ఒక విత్తనాల గోదాం. నేను ఆఫీసుల ఉంట, హమాలీల బాగోగులు చూసుడు నా పని. ముప్పై మంది హమాలీలకు పెద్దదిక్కు మా మేస్త్రి. నల్లటి మనిషి, మెడల ఎప్పుడూ తువ్వాల. అందరూ నన్ను మేడం అంటే ఆయన "బిడ్డా" అనేటోడు, నేను "కాకా" అనేదాన్ని. పొద్దుగాల నా మొఖం చూసి "తిన్నవా? అబద్ధం చెప్పకు" అనేటోడు. తినలేదని తెలిస్తే తన సద్దిలకెళ్లి జొన్నరొట్టె సగం తుంచి, కాయితంల చుట్టి, టేబుల్ మీద పెట్టిపోయేటోడు. నా సొంత బాపు గూడ నన్ను అంత పట్టించుకోలే.

హమాలీలల్ల ఒక రివాజుంది. లారీ నింపేటప్పుడు ఆఖరి బస్తా మేస్త్రే మొయ్యాలె. అన్నం గట్లనే, నీళ్లు గట్లనే, అందరిదీ అయినంకనే ఆయనది. "ముందుగాల నేను కూసుంటే వీళ్లకు నా మీద ఏం నమ్మకముంటది బిడ్డా?" అనేటోడు. అప్పుడు ఆ మాట నాకు మస్తు నచ్చేది. ఇప్పుడు యాదికొస్తే భయమైతుంది.

ఈ ఎండకాలం ఆఖర్ల పెద్దాఫీసు నుంచి కాయితమొచ్చింది. పనోళ్ల ఆరోగ్యానికి ప్రతి శుక్రవారం ఒక కార్యక్రమం పెట్టాలె, అందరికీ బీపీ చూపియ్యాలె, రిజిస్టర్ల రాసి పంపాలె. నేను సంబురంగ మొదలువెట్టిన. నర్సును మాట్లాడిన. క్యాంటీన్ల ఉప్పు తగ్గిపిచ్చిన. వాకింగ్ చెయ్యాలని బోర్డు పెడితే, "పొద్దంత బస్తాలు మోసుకుంట నడుస్తనే ఉంటిమి, మల్ల వాకింగేంది మేడం?" అని పడిపడి నవ్విన్రు. చేర్యాల నుంచి బొమ్మలు గీసేటాయనను పిలిపిచ్చి గోడ మీద పెద్ద బొమ్మ ఏయిచ్చిన. ఎర్రటి రంగు మీద హమాలీలంత లైనుగ నిలవడ్డరు, ముందట నర్సు బీపీ పట్టీ పట్టుకొని కూసున్నది. అందరికన్న ఆఖరికి, తువ్వాలేసుకున్నోడు మా మేస్త్రి. "నన్ను ఉండాల్సిన కాడనే నిలవెట్టిండు" అని మురిసిపోయిండు.

ఇంత చేస్తే మొదటి శుక్రవారం ఒక్కడు గూడ రాలే! బీపీ ఉన్నదంటే పనిలకెళ్లి తీసేస్తరని వాళ్ల భయం. మేస్త్రి ఒక్కొక్కని భుజం మీద చెయ్యేసి తోల్కొచ్చిండు. "ఎవ్వని పని పోదు. పోతే ముందుగాల నేను పోత, నడువుండ్రి" అన్నడు. మల్లా వారానికి లైన్ గోడ దాటింది. ఇద్దరికి బీపీ బయటవడ్డది, గోళీలు మొదలువెట్టిన్రు. ఆ ఇద్దరు ఇయ్యాల మంచిగున్నరంటే ఆయన పుణ్యమే.

ఆయన మాత్రం ఆఖరికి నిలవడేటోడు. నర్సు ఒంటిగంట బస్సుకు పోవాలె. ఈయన వంతొచ్చేసరికి ఆమె మిషన్ సంచిల పెడుతుండేది. "మల్లా వారం చూపిచ్చుకుంట తియ్ బిడ్డా, లారీ వచ్చింది" అని పోయేటోడు. రిజిస్టర్ల ఒక్క గీత ఖాళీగ ఉంటే పెద్దాఫీసోళ్లు ఫోన్ చేసి పానం తీస్తరు. అందుకని నేనే రాసిన, నూటఇరవై, ఎనభై. మొదటిసారి అటిటు చూసి రాసిన, రెండోసారి చూడలే. ఆరు శుక్రవారాలు గట్లనే రాసిన. ఒకనాడు తొంగి చూసి "నాది ఎట్లున్నది?" అని అడిగిండు. "మంచిగనే ఉంది కాకా" అన్న. నవ్వుకుంట పోయిండు. ఒక్కరు గూడ తప్పలేదని పెద్దాఫీసు మెచ్చుకుంట కాయితం పంపింది. నేను దానికి అద్దం కట్టిచ్చుకున్న.

నాకు కండ్లు లేక కాదు. ఆయన తువ్వాల తడిపి మెడ ఎనుక ఒత్తుకునుడు చూసిన. ఆఖరి బస్తా ఎత్తుకొని లారీకి ఆనిచ్చిన చెక్క మీద సగం ఎక్కి, ఆగి, ఎటో చూసుకుంట నిలవడుడు కిటికీలకెళ్లి చూసిన. కిందున్నోళ్లు మాటలు బంద్ చేసి ఆయన దిక్కే చూసేటోళ్లు. "ఏమైంది కాకా?" అంటే "ఎండ బిడ్డా" అన్నడు. ఆ పూట మబ్బువట్టి ఉండె.

మూడోనాడు వాళ్లింటికి పోయిన. ఆయన భార్య నా చెయ్యి పట్టుకున్నది. "తలనొస్తున్నదంటే దవాఖానకు పోదాం అన్న బిడ్డా. 'మా ఆఫీసు బిడ్డ మంచిగనే ఉందని రాసింది, నాకేం గాదు' అన్నడు. ఎట్లయింది మరి?"

దాసిపెడ్దామనుకున్న. నోరు ఒప్పుకోలే. "అవ్వా, ఆయన చేతికి ఒక్కసారి గూడ పట్టీ చుట్టలే. అది నేను ఊకెనే రాసిన."

ఆమె తిట్టలే. తిడితే బాగుండు. నా చెయ్యి ఇడిచి, పక్కకున్న ఆయన తువ్వాల తీసుకొని మడిచింది, ఇప్పింది, మల్ల మడిచింది. నేను ఎప్పుడు లేసి వచ్చిన్నో నాకే ఎరుక లేదు.

ఉన్నదున్నట్టు పెద్దాఫీసుకు రాసిన. అద్దం కట్టిచ్చిన ఆ మెచ్చుకోలు కాయితం దించి బీరువ ఎనుక పెట్టిన. నిన్న శుక్రవారం నర్సు వచ్చింది. హమాలీలు కొత్త మేస్త్రిని పెట్టుకున్నరు, నలభై గూడ దాటనోడు. ఆయన సక్కగ పోయి లైన్ల ఆఖరికి నిలవడ్డడు.

"ముందుగాల నువ్వు రా" అన్న.

"మేస్త్రి ఆఖరికి గద మేడం" అన్నడు.

"నువ్వు కూసోకుంటే ఇయ్యాల ఎవ్వరికీ చూసేది లేదు" అని గట్టిగ ఒర్రిన. ఎవ్వరూ కదలలే. అందరూ నన్నే చూస్తున్నరు. ఆయన ఎనుక గోడ మీద, ఎర్రరంగుల, మా మేస్త్రి తన వంతు కోసం నిలవడే ఉన్నడు. బయట లారీ హారన్ కొట్టింది. కొత్త మేస్త్రి మెడలకెళ్లి తువ్వాల తీసి, నీళ్ల డ్రమ్ముల ముంచి పిండి, మెడ ఎనుక ఒత్తుకున్నడు.