ఉత్తరం వైపు బొట్టు

ఆ రోజుల్లో జాబితాలో లేని పని నా కంటికి పనిలాగే కనిపించేది కాదు. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో మాస్టర్స్ చదువుతూ ముగ్గురం ఒక పాత ఇంట్లో కలిసి ఉండేవాళ్ళం. పాలు తేవడం ఎవరి వంతో చెప్పే జాబితా, ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలో చెప్పే జాబితా, ఈ రెండింటినీ ఎప్పుడు మార్చాలో చెప్పే మూడో జాబితా ఫ్రిజ్ తలుపు మీద ఉండేవి (మూడోది నవ్వులాటకు రాసింది కాదు, ఏడాదంతా పాటించాను). మిగతా ఇద్దరిలో ఒకడు ఒంగోలు వైపువాడు, పొడగరి, వంట వాడిదే, అందరికీ బావ. రెండోవాడు సూపర్‌మార్కెట్‌లో పార్ట్‌టైం చేస్తూ, సినిమాకు వస్తావా అన్నా, అన్నం తింటావా అన్నా "రోటా చూసి చెప్తా" అనేవాడు. డ్యూటీల పట్టికను అక్కడ రోటా అంటారు, వాడి పేరే రోటా అయిపోయింది. నాకు వాళ్ళు పెట్టిన పేరు సీరియల్ నంబర్.

నా ప్రాజెక్టు ఒక కెమెరా. ఉత్తరపు ఆకాశంలో అప్పుడప్పుడు ఎర్రగా, ఆకుపచ్చగా వెలుగులు కదులుతాయి, అరోరా అంటారు. అవి ఎప్పుడొస్తాయో తెలియదు గనక రాత్రంతా ఆకాశం మొత్తాన్ని ఒకే గుండ్రటి ఫోటోలో నిమిషానికోసారి తీస్తూ, రంగు కనబడగానే నా ఫోనుకు గంట కొట్టే పెట్టె ఒకటి తయారుచేశాను. లెన్సు తడవకుండా పైన పారదర్శకమైన ప్లాస్టిక్ గిన్నె బోర్లించాను. మా గైడ్ మేడమ్ మాటలు పొదుపుగా వాడే మనిషి. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "మే వచ్చిందంటే ఇక్కడ రాత్రుళ్ళు పూర్తిగా చీకటి పడవు. ఏప్రిల్ అయిపోయేలోగా ఒక్క నిజమైన అరోరాను ఇది తనంతట తాను పట్టాలి. పట్టకపోతే ప్రాజెక్టు మార్చుకో" అంది. తోటివాళ్ళంతా ఎండావానలతో పనిలేని విషయాలు తీసుకుని సుఖంగా ఉన్నారు. నేను మాత్రం పట్టిస్తానని అక్కడికక్కడే మాటిచ్చేశాను.

పెట్టెను పెరట్లో వంటగది చదును కప్పు మీద పెట్టాలని నిర్ణయం. నేను పొట్టివాణ్ణి, స్టూలెక్కినా నా కళ్ళు కప్పు అంచుకు అందవు, అందుకని ఎక్కించే పని బావకు అప్పగించాను. ఆ సాయంత్రం వాడు వాళ్ళమ్మతో వీడియో కాల్‌లో ఉన్నాడు. ఆవిడ ఫోనులోంచే, "కొత్త యంత్రం కదా నాయనా, బొట్టు పెట్టకుండా ఎక్కిస్తారా? అక్కడ వానలెక్కువంటగా, కుంకం నూనెలో కలిపి పెట్టండి" అంది. నేను కింద లాప్‌టాప్‌లో కేబుల్ సంగతి చూసుకుంటున్నాను. పూజ నా జాబితాలో లేదు.

"ఒరే, దీని ముఖం ఎటురా?" అని బావ స్టూలు మీంచి అడిగాడు.

"దానికి ముఖం ఉండదు బావా, అన్ని వైపులా చూస్తుంది."

"నుదురనేది ఒకటుండాలి కదరా. ముఖ్యమైన వైపేది?"

"ఉత్తరం" అన్నాను, తల తిప్పకుండా. తర్వాత వాడు గడప దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. పక్కింటి ముసలాయన గోడ మీంచి తొంగిచూసి అంతా క్షేమమేనా అని అడిగాడు. ముక్క ఇస్తే తిన్నాడు.

ఆ రాత్రి నుంచి పంతొమ్మిది అంశాల జాబితా అమల్లోకి వచ్చింది. మూడోది, వెనక గదుల్లో లైట్లన్నీ ఆర్పేయాలి. ఏడోది, చీకటి పడకముందు గిన్నె మీది తేమ మెత్తటి గుడ్డతో తుడవాలి. ఏడోది బావ వంతు. నాలుగో రాత్రి పదకొండు దాటాక ఫోను గంట కొట్టింది. ఫోటోలో ఉత్తరం వైపు మెత్తగా, మసకగా, ఎర్రటి వెలుగు. ముగ్గురం చెప్పులతోనే పెరట్లోకి పరుగెత్తాం. ఆకాశంలో చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఏదిరా?" అన్నాడు రోటా, దుప్పటి కప్పుకుని.

"మన కళ్ళకు చీకట్లో రంగు సరిగ్గా తెలియదు. కెమెరాకు తెలుస్తుంది" అన్నాను. (ఇది శాస్త్రరీత్యా నిజమే. నిజమైన మాటను ఎక్కడ వాడకూడదో తెలియకపోవడమే నా చదువులో లోపం.)

"అంటే ఉంది గానీ మనకి కనబడదు."

"అంతే."

"ఇదేదో మా అమ్మ చెప్పే దేవుడి సంగతిలా ఉందే" అన్నాడు బావ.

మూడు రాత్రుల్లో ఐదుసార్లు గంట కొట్టింది. ఒక్కోసారి ఒకటి రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయేది. అలా మినుకుమినుకుమనడం కూడా అరోరా లక్షణమేనని పుస్తకాల్లో చూసుకుని, మేడమ్‌కు ఐదు ఫోటోలతో, సమయాలతో, చిన్న పట్టికతో మెయిల్ పంపాను. మర్నాడు ఆవిడ తన గదిలో ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చాలాసేపు చూసింది. "చుక్కలు కదిలాయి, ఇది కదల్లేదు. పైగా ఇంత గుండ్రంగా ఎందుకుంది?" అంది. ఇంటికొస్తూ మెట్రోలో ఆ ప్రశ్నను ఫోనులో రాసుకుని పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను.

ఆ రాత్రి అదేమిటో తేలేదాకా లోపలికి వెళ్ళకూడదని పట్టుబట్టి, స్టూలు మీద నా సూట్‌కేసు, దాని మీద నేను ఎక్కి కూర్చున్నాను. చలికి ముక్కు ఉందో లేదో తెలియలేదు. పదకొండున్నరకు ఒక నక్క పక్కింటి పెరట్లోకి వచ్చింది. అలికిడికి వెలిగే దీపం ఒకటి ముసలాయన గోడకు ఉంది, అది వెలిగింది. ఆ కాంతి పక్కనుంచి వచ్చి మా గిన్నె మీద పడింది. నా జేబులో ఫోను గంట కొట్టింది. గిన్నెకు ఉత్తరం వైపు, సరిగ్గా నుదుటి మధ్య, రూపాయి బిళ్ళంత బొట్టు నిగనిగలాడుతోంది. అన్ని రోజులూ అది పెట్టెకు పెట్టాడనుకున్నాను.

బావను లేపాను. "రోజూ ఏడో పని చేస్తున్నావా బావా?"

"చేస్తన్నా. కావాలంటే గుడ్డ చూసుకో."

"మరి గిన్నె మీద బొట్టు అలాగే ఉందేం?"

"దాని చుట్టూతా జాగ్రత్తగా తుడుస్తన్నా. బొట్టెవరన్నా తుడుస్తారంట్రా?"

"ఇన్ని వానలు పడ్డాయి. పోలేదేం?"

"పోతా ఉంటే మళ్ళీ పెడతన్నా" అన్నాడు వాడు, నా కృతజ్ఞత కోసం ఎదురుచూస్తూ. "నువ్వేగా ఉత్తరం ముఖ్యమన్నావ్."

చెప్పింది చెప్పినట్టు చేసినవాణ్ణి నేనెలా తిడతాను? వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే, "చూపుకి అడ్డం రాకూడదు నాయనా, పెట్టెకి పెట్టుకోండి, చాలు" అని ఒక్క మాటలో తేల్చేసింది. మేడమ్‌కు మాత్రం నిజం రాశాను. మొదటి అంశం, అది అరోరా కాదు. రెండో అంశం, కుంకుమ. మూడో అంశం, కుంకుమ అంటే ఏమిటి. నాలుగో అంశంలో నక్క గురించి రాశాను. గంటలో జవాబొచ్చింది: "ఎర్రటిది పెట్టారు, ఎర్రటిది ఉందని నీ పెట్టె చెప్పింది. పని చేస్తోందన్నమాట. గడువు మాత్రం మారదు."

తర్వాత మూడు వారాలు మబ్బులు. నేను వదల్లేదు. మళ్ళీ నవ్వులపాలు కాకూడదని, గంట మోగగానే చూసుకోవలసిన పద్నాలుగు అంశాలతో నిర్ధారణ జాబితా ఒకటి కొత్తగా రాసి, గదిలో బల్లకు అంటించాను. పక్కింటి దీపం వెలిగిందా, గిన్నె శుభ్రంగా ఉందా, వెలుగు కదులుతోందా, ఇలా. అది పూర్తికానిదే కుర్చీలోంచి లేవకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. ఏప్రిల్ ఆఖరి వారంలో, ఆకాశం తేటపడిన మొదటి రాత్రి, ఫోను గంట కొట్టింది. వాళ్ళిద్దరూ పెరట్లోకి వెళ్ళారు. నేను మేడమీద, వెనక గదిలో, లాప్‌టాప్ ముందు మొదటి అంశం మొదలుపెట్టాను.

"ఒరే సీరియల్ నంబరూ, బయటికి రారా" అని కిందనుంచి బావ.

"ఐదులో ఉన్నాను."

"ఆకాశం అంతా ఎర్రగా ఉందిరా. నిలువునా స్తంభాల్లా కదులుతున్నాయి."

"గిన్నె మీద బొట్టుందేమో చూడు."

"బొట్టు పెట్టె మీదే ఉందిరా. నువ్వెక్కడున్నావో అదే అర్థం కావట్లా."

"రోటా, నువ్వు చెప్పు. కళ్ళకు కనబడుతోందా?"

ఏ ప్రశ్నకైనా రోటా చూసి చెప్తాననేవాడు ఆ ఒక్కసారి ఏమీ అనకుండా తలెత్తి నిలబడ్డాడని తర్వాత బావ చెప్పాడు. నేను పద్నాలుగో అంశానికి టిక్కు పెట్టి, మెట్లు దిగి, పెరట్లోకి వచ్చేసరికి ఉత్తరాన, ఇళ్ళ కప్పుల పైన, పాలు ఒలికినట్టు తెల్లటి మరక ఒకటి మిగిలింది. "ఇప్పటిదాకా ఉందిరా" అన్నాడు బావ. అప్పుడు వాడు వెక్కిరించలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

కెమెరా మాత్రం నలభై ఏడు ఫోటోలు తీసింది. మేడమ్ మొదటిదాన్ని చూడగానే "ఇది గుండ్రంగా లేదు" అంది. ఆవిడ నోట అంతకు మించిన మెప్పు నేను వినలేదు, ప్రాజెక్టు నిలిచింది. కాసేపయ్యాక వేలు పెట్టి చూపిస్తూ, "దక్షిణం అంచున, ఇంటి గోడ దగ్గర, అన్ని ఫోటోల్లోనూ ఈ నీలి మచ్చ ఏమిటి? అలికిడి దీపమా?" అని అడిగింది.

"నేనే మేడమ్" అన్నాను. పంతొమ్మిదింటి జాబితాలో మూడోదాన్ని, లైట్లార్పడాన్ని, నేనే తప్పాను. కిటికీలో లాప్‌టాప్ వెలుగు, దాని మీదికి వంగిన ఒక తలకాయ.

ఇప్పుడు లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఆ నలభై ఏడింట్లో ఒకటి మా హాల్లో గోడకు ఉంది. వచ్చినవాళ్ళంతా మధ్యలో ఎర్రటి స్తంభాలు చూసి అబ్బా అంటారు, స్వయంగా చూశారా అని అడుగుతారు. చూశాననే చెబుతాను, పాలమరకను లెక్కలో వేసుకుని. వాళ్ళు వెళ్ళాక దీపం ఆర్పబోతూ ఒక్క నిమిషం నిలబడతాను. నా చూపు స్తంభాల మీదికి పోదు, ఆ అంచుకే పోతుంది. అంత ఆకాశం కింద తల వంచుకుని టిక్కులు పెట్టుకుంటున్న ఆ కుర్రాణ్ణి చూస్తే, ఎన్నో అంశంలో ఉన్నావురా, ఒక్కసారి తలెత్తరా అనాలనిపిస్తుంది. వాడు వినడు. జాబితాలో లేదుగా మరి.